పగడపు దిబ్బల అందాలు చూడాలంటే సముద్రంలో లోతుకు దిగాలా?

అక్కర్లేదు, పగడపు దిబ్బల్లో అత్యంత సజీవమైన భాగం చాలాచోట్ల ఉపరితలానికి దగ్గరలోనే ఉంటుంది కాబట్టి మాస్కు, శ్వాసగొట్టం పెట్టుకుని పైన తేలుతూనే తనివితీరా చూడవచ్చు.

దీనికి కారణం ఎండ. పగడం మొక్కా కాదు, రాయీ కాదు. పాలిప్‌లనే చిన్న జంతువుల సమూహం అది. రాయిలా కనిపించేది అవి కట్టుకున్న సున్నపు గూడు. వాటి శరీరంలో కాపురముండే సూక్ష్మ శైవలాలు (నాచులాంటి జీవులు) సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని పగడానికే ఇస్తాయి. వెలుతురు తగ్గితే ఈ పొత్తు సాగదు. అందుకే దిబ్బలు కట్టే పగడాలు తేటగా, వెచ్చగా ఉండే లోతు తక్కువ నీటిలో దట్టంగా పెరుగుతాయి.

రంగుల సంగతీ అంతే. నీరు అన్నిటికంటే ముందు ఎరుపు కాంతిని పీల్చేస్తుంది. ఉదాహరణకు, 1 మీటరు లోతులో ఎర్రగా మెరిసే చేప 15 మీటర్ల లోతులో మసిబారినట్లు కనిపిస్తుంది.

లోతుకు వెళ్లేకొద్దీ రంగులు పెరుగుతాయన్నది చాలామందికున్న అపోహ. లోతులో తీసిన ఫోటోల్లోని ఆ ధగధగలు చాలావరకు ఫ్లాష్ దీపాల చలవే! చీకటి లోతుల్లోనూ శైవలాలు లేకుండా బతికే పగడాలున్నాయి, కాని అవి ఇలా పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్‌కు అందేవి కావు.