విస్కస్ ఫ్యాన్ తీసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలంటే: ఫ్యాన్ కంటే ముందు ష్రౌడ్, వైరింగ్ చూసుకోండి

మీరడిగింది ఇది: పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి, దాంట్లో ఇంజిన్ బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ ఉంది. రాళ్ల దారిలో లో గేరులో మెల్లగా పాకుతుంటే టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది. నీళ్లు దాటేటప్పుడు ఫ్యాన్ నీటిని ఇంజిన్ మొత్తం మీదా చిమ్ముతోంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేస్తే ఈ రెండూ తీరుతాయా, ఏ సైజు తీసుకోవాలి, వైరింగ్ ఎలా చెయ్యాలి?

తీరుతాయి. కానీ ఇలా మార్చాక వేడెక్కే బండ్లలో చాలావాటికి ఫ్యాన్ చిన్నదవడం అసలు కారణం కాదు. ష్రౌడ్ (ఫ్యాన్ గాలి రేడియేటర్ మొత్తం గుండా వచ్చేలా దాన్ని కప్పే పెట్టె) సరిగ్గా లేకపోవడమో, సన్నటి వైరో, ఫ్యాన్ ఆగే డిగ్రీ తప్పుగా పెట్టడమో ఉంటుంది. అందుకే ఆ మూడింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా, ఇప్పుడున్న ఫ్యాన్ పని చేస్తోందో లేదో చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, తాళం తీసేసి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పండి. కాస్త బరువుగా తిరిగి వెంటనే ఆగాలి. వేడి మీద కూడా వదిలితే గిరగిరా తిరుగుతోందంటే విస్కస్ క్లచ్ (ఫ్యాన్ నడిమి భాగం, ద్రవం ద్వారా ఫ్యాన్‌ను తిప్పేది) లోని సిలికోన్ ద్రవం కారిపోయినట్టే. క్లచ్ ముందు భాగంలో నూనె మరక, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంటే అనుమానమే అక్కర్లేదు. క్లచ్ మారిస్తే వేడి సమస్య అక్కడితో తీరిపోవచ్చు. ఇంకో పరీక్ష: ముల్లు పైకెక్కిన సమయంలో రేడియేటర్ పై పైపు, కింది పైపు ఎంత వేడిగా ఉన్నాయో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. పైది కాలిపోతూ కిందిది చల్లగా ఉంటే కూలెంట్ ప్రవాహం ఆగుతోంది: థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు), వాటర్ పంప్, లేదా లోపల పూడుకుపోయిన ట్యూబులు. రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటే గాలి చాలడం లేదు. ఫ్యాన్ మార్చడం వల్ల ఉపయోగం ఈ రెండో సందర్భంలోనే.

లో గేరులో గాలి చాలకపోవడానికి కారణం సులభం. బెల్టు ఫ్యాన్ వేగం ఇంజిన్ వేగంతో ముడిపడి ఉంటుంది. ఇంజిన్ 800, 1000 ఆర్పీఎమ్ దగ్గర ఉండి బండి నడక వేగంతో పోతుంటే అటు ఎదురుగాలీ లేదు, ఇటు ఫ్యాన్ గాలీ లేదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఐడిల్‌లోనూ పూర్తి వేగం ఉంటుంది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంజిన్ బాగా తిరిగేటప్పుడు బెల్టు ఫ్యాన్ కొన్ని హార్స్‌పవర్లు తీసుకుని అంత గాలీ లాగుతుంది. మామూలు ఎలక్ట్రిక్ ఫ్యాన్ మోటారు 300 నుంచి 450 వాట్లు, అంటే అర హార్స్‌పవర్ చుట్టూ. కాబట్టి బరువైన ట్రైలర్ లాగుతూ పొడవైన ఘాట్లు ఎక్కే టర్బో డీజిల్ బండి అయితే, అందులోనూ రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్, ఏసీ కండెన్సర్ రెండూ ఉంటే, నేనైతే బెల్టు ఫ్యాన్ తీయను. మైలేజీ కోసం మార్చుకోవడం కూడా దండగ. వేడి లేనప్పుడు విస్కస్ క్లచ్ ఎలాగూ జారుతూనే ఉంటుంది, కాబట్టి మిగిలేది స్వల్పం. మీ వాడకం మాత్రం పాకుడు దారులూ నీళ్లూ అంటున్నారు, కాబట్టి మార్చడం సబబే.

ఫ్యాన్ ఎంపిక

పాత ఫ్యాన్ తీశాక వాటర్ పంప్ ముక్కు నుంచి రేడియేటర్ కోర్ (సన్నటి ట్యూబులుండే మధ్య భాగం) దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. దాంట్లోంచి కనీసం 25 మిల్లీమీటర్లు తీసేయండి. రేడియేటర్ బాడీకో ఛాసిస్‌కో బిగించి ఉంటుంది, ఇంజిన్ మాత్రం రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. గుంతలో పడ్డప్పుడు ఇంజిన్ ముందుకొచ్చి మోటారు వీపుకు తగిలితే కోర్ చిల్లు పడుతుంది. మిగిలిన మందంలో పట్టే ఫ్యాన్ వెతకాలి. మోటారు పుల్లీకి ఎదురుగా రాకుండా పక్కకు జరిపితే చాలాసార్లు చోటు దొరుకుతుంది.

డబ్బా మీద రాసిన సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) అంకెను నమ్ముకోకండి. అది సాధారణంగా ముందు ఏ అడ్డూ లేకుండా కొలిచింది. కోర్, కండెన్సర్ అడ్డుంటే అసలు గాలి బాగా తగ్గుతుంది. అంతకంటే నిజాయితీగా చెప్పేది ఆంపియర్ల అంకె. 8, 10 ఆంపియర్లు తీసుకునే ఫ్యాన్ ఎంత గొప్ప సీఎఫ్ఎమ్ రాసుకున్నా పెద్ద ఇంజిన్‌ను చల్లబరచలేదు. రెండున్నర నుంచి నాలుగు లీటర్ల ఇంజిన్‌కు మొత్తం 25 నుంచి 35 ఆంపియర్లు తీసుకునే ఏర్పాటు చూడండి. ఒకే పెద్ద 16 అంగుళాల ఫ్యాన్ అయినా సరే, రెండు 11, 12 అంగుళాలవి అయినా సరే. కోర్ వెడల్పుగా ఉంటే నా ఓటు జంట ఫ్యాన్లకే: ఒకటి ఆగినా రెండోదానితో మెల్లగా ఇల్లు చేరొచ్చు. కానీ రెండింటికీ వేర్వేరు ఫ్యూజు, వేర్వేరు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటేనే ఆ ప్రయోజనం.

ఫ్యాన్ ఇంజిన్ వైపు ఉండి గాలిని లాగేదిగా ఉండాలి. ముందు నుంచి నెట్టే ఫ్యాన్, ఆగి ఉన్నప్పుడు ఎదురుగాలికే అడ్డు. బురదా రాళ్లూ నేరుగా దాని మీదే పడతాయి. లాగే ఫ్యాన్‌ను నెట్టేదిగా మార్చాలని వైర్లు తారుమారు చేస్తే సరిపోదు. రెక్కల వంపు ఒక దిశకే చేసి ఉంటుంది, తిరగేస్తే గాలి బాగా తగ్గుతుంది.

ష్రౌడ్

ఇక్కడ పొదుపు చేయకండి. ఫ్యాన్‌ను కోర్‌కు నేరుగా ఆనించి ప్లాస్టిక్ టైలతో కట్టే కిట్లు దొరుకుతాయి. అవి రెండు రకాలుగా చెడ్డవి. గాలి ఫ్యాన్ గుండ్రం మేరకే వస్తుంది, మూలలు ఊరికే ఉంటాయి. రెండోది, ఆఫ్‌రోడ్ కుదుపులకు ఆ టై ట్యూబులను అరగదీసి లీకు తెస్తుంది. ఒకటిన్నర లేదా రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో కోర్ మొత్తాన్నీ కప్పే పెట్టె చేయించండి. కోర్‌కూ రెక్కలకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు, చోటుంటే 40 నుంచి 50, ఖాళీ ఉంచితే గాలి మూలల నుంచి కూడా లాగబడుతుంది. ష్రౌడ్ అంచుకూ రేడియేటర్‌కూ మధ్య నురుగు రబ్బరు పట్టీ వేయండి. బిగింపు రేడియేటర్ పక్క ఫ్రేముకు ఉండాలి, కోర్‌కు కాదు.

పూర్తిగా మూసిన ష్రౌడ్‌తో ఒక చిక్కు వస్తుంది: హైవే వేగంలో ఎదురుగాలి బయటికి పోయే దారి ఫ్యాన్ రంధ్రం ఒక్కటే అవుతుంది. అందుకే ఫ్యాన్ లేని మూలల్లో రెండు, మూడు చోట్ల కోసి, ఇంజిన్ వైపు మాత్రమే తెరుచుకునేలా రబ్బరు మూతలు పెట్టండి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు అవి అతుక్కుని మూసుకుంటాయి, బండి వేగంగా పోతుంటే గాలికి తెరుచుకుంటాయి. మార్చిన తర్వాత పాకుడు దారిలో చల్లగా ఉండి, 80 కిలోమీటర్ల వేగంలో వేడెక్కే బండి కనిపిస్తే ముందు ఈ మూతలే చూడండి.

వైరింగ్

ముందు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) లెక్క. ఫ్యాన్ 30 ఆంపియర్లు, హెడ్‌లైట్లు 8 నుంచి 10, ఇంజిన్ విద్యుత్ అవసరాలు, ఏసీ బ్లోయర్ కలిపితే 65 ఆంపియర్లు తేలిగ్గా దాటుతుంది. ఆల్టర్నేటర్ మీద 65 అని రాసి ఉంటే అది ఎక్కువ ఆర్పీఎమ్ మీది మాట. ఐడిల్‌లో దాదాపు సగమే ఇవ్వొచ్చు. పాకుడు దారిలో ఫ్యాన్ ఎక్కువగా తిరిగేది ఐడిల్‌కు దగ్గర్లోనే. అన్నీ ఆన్ చేసి ఐడిల్‌లో బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టుల కంటే తగ్గిపోతూ ఉంటే పెద్ద ఆల్టర్నేటర్ తప్పదు.

ఫ్యాన్ కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా రావాలి. బ్యాటరీ నుంచి ఒక జానెడు లోపే ఫ్యూజు. 30 ఆంపియర్ల ఫ్యాన్‌కు 40 ఆంపియర్ల పెద్ద సైజు ఫ్యూజు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు రెండు మూడింతలు లాగుతుంది కాబట్టి బొటాబొటిగా వేస్తే ఊరికే పోతుంది. వైరు 6 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఇది మీటరుకు సుమారు 3 మిల్లీఓమ్‌లు, అంటే 30 ఆంపియర్లు 2 మీటర్లు పోతే ఒక వైపు నష్టం 0.2 వోల్టుల లోపే, రానూపోనూ 0.4 లోపే. అదే 2.5 వైరు అయితే రానూపోనూ కలిపి దాదాపు 0.9 వోల్టులు పోతాయి, ఫ్యాన్ వేగం తగ్గుతుంది, వైరూ వేడెక్కుతుంది. ఎర్త్ కూడా అదే మందం, సన్నటి రేకు బ్రాకెట్‌కు కాకుండా బ్యాటరీ మైనస్‌కో ఇంజిన్ బ్లాకుకో.

రిలే విషయంలో, మామూలు 40 ఆంపియర్ల చిన్న రిలే ఇంజిన్ వేడిలో 30 ఆంపియర్లను గంటల తరబడి మోయడానికి ఇబ్బంది పడుతుంది. లోపలి పాయింట్లు అతుక్కుపోతాయి లేదా సాకెట్ కరుగుతుంది. 70 ఆంపియర్లది వేయండి. 30వ పిన్నుకు ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87కు ఫ్యాన్, 86కు తాళం వేస్తే వచ్చే కరెంటు, 85కు సెన్సర్ స్విచ్ ద్వారా ఎర్త్. రిలేను ఫెండర్ మీద ఎత్తులో, పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు. ఫ్యాన్ కరెంటును ఇగ్నిషన్ లైనులోంచే తీయకండి. తాళం తీశాక కూడా తిరుగుతున్న ఫ్యాన్ డైనమోలా వోల్టేజి పుట్టించి వెనక్కి పంపుతుంది, పెట్రోలు ఇంజిన్ వెంటనే ఆగకుండా తిరుగుతూనే ఉండొచ్చు.

రెండు వేగాల ఫ్యాన్ అయితే రెండు రిలేలు కావాలి. తక్కువ వేగం కరెంటును, ఎక్కువ వేగం రిలే 87ఏ పిన్ను (రిలే పని చేయనప్పుడు 30తో కలిసి ఉండేది) గుండా పంపండి. ఎక్కువ వేగం పడగానే తక్కువది దానంతటదే తెగుతుంది, రెండూ ఒకేసారి పనిచేసే అవకాశమే ఉండదు. ఇందుకు ఆ రిలే అయిదు పిన్నులది కావాలి. ఏసీ ఉంటే కంప్రెసర్ క్లచ్ వైరు కరెంటుతో పనిచేసే ఇంకో చిన్న రిలే పెట్టి, దాని ద్వారా ఫ్యాన్ రిలే 85వ పిన్నుకు ఎర్త్ అందేలా చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నా ఏసీ ఆన్ కాగానే కండెన్సర్‌కు గాలి కావాలి.

ఏ డిగ్రీ దగ్గర ఆన్, ఏ డిగ్రీ దగ్గర ఆఫ్

ఫ్యాన్ ఆగే డిగ్రీ, థర్మోస్టాట్ తెరుచుకునే డిగ్రీ కంటే పైనే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే థర్మోస్టాట్ ఇంజిన్‌ను అంతకంటే చల్లబడనివ్వదు. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉంటే 93 దగ్గర ఆన్, 88 దగ్గర ఆఫ్. 88 డిగ్రీలది ఉంటే 98, 93. ఈ అంకెలు ఇంజిన్ నుంచి కూలెంట్ బయటికొచ్చే వేడి వైపు సెన్సర్‌కు. రేడియేటర్ కింది ట్యాంకులో పెడితే అక్కడ కూలెంట్ చల్లబడి ఉంటుంది కాబట్టి స్విచ్ డిగ్రీ తగ్గించుకోవాలి.

నేను వేడి వైపు, థర్మోస్టాట్ హౌసింగ్‌లో మరతో బిగించే సెన్సర్‌నే ఇష్టపడతాను. కోర్ రెక్కల మధ్య గుచ్చే పుల్ల సెన్సర్ గాలికీ నీటి చిలకరింపుకూ చల్లబడి తప్పు చెబుతుంది. పై పైపు లోపలికి సన్నటి గొట్టం దూర్చి క్లిప్పు బిగించే పద్ధతి ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. సెన్సర్ ఎప్పుడూ కూలెంట్‌లో మునిగి ఉండాలి. గాలి బుడగలో ఉంటే ఇంజిన్ ఉడుకుతున్నా ఫ్యాన్ ఆన్ కాదు. పని అయ్యాక బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తిగా తెరిచి, గాలి తీయడం మర్చిపోవద్దు.

పాత ఫ్యాన్ తీయడం

నడి నట్టుతో ఉండే రకమైతే మర ఎటు తిరుగుతుందో మాన్యువల్లో చూశాకే బలం వాడండి. చాలా ఇంజిన్లలో అది ఎడమ మర, అంటే మామూలు నట్టుకు వ్యతిరేక దిశలో విప్పాలి. నాలుగు స్టడ్లతో ఉండే రకంలో అవే స్టడ్లు పుల్లీని కూడా పట్టి ఉంచవచ్చు. ఫ్యాన్ పోయాక ఆ మందానికి సరిపడా వాషర్లు వేసి నట్లు బిగించకపోతే పుల్లీ ఊడుతుంది.

నీళ్లు

బెల్టు ఫ్యాన్ నీటిని తాకితే రెక్కలు ముందుకు వంగి కోర్‌ను కోసేస్తాయి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటే ఇదీ అదే చేస్తుంది, లేదా మోటారు ఆగిపోయి ఫ్యూజు పోతుంది. అందుకే డాష్‌బోర్డు మీద మూడు స్థానాల స్విచ్ పెట్టండి: ఆటో, ఎప్పుడూ ఆన్, ఎప్పుడూ ఆఫ్. నీళ్లలోకి దిగే ముందు ఆఫ్ చేసి, రెక్కలు పూర్తిగా ఆగాక దిగండి. ఆఫ్‌లో ఉన్నంతసేపూ వెలిగే ఎర్ర దీపం తప్పనిసరి, బయటికొచ్చాక ఆటోకు మార్చడం మర్చిపోతే ఇంజిన్ హెడ్ గాస్కెట్ పోతుంది. మోటారుకు నీరు పోయే రంధ్రం ఉంటే అది కిందికి ఉండేలా బిగించండి.

పరీక్ష

ఫ్యాన్ మొదటిసారి తిరగ్గానే గ్రిల్ ముందు ఒక కాగితం పట్టండి, గ్రిల్‌కు అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాన్ ప్లస్ దాకా వోల్టేజి నష్టం అర వోల్టు లోపు, ఎర్త్ వైపు 0.2 లోపు ఉండాలి. ఆగిన బండిలో ఫ్యాన్ కొద్ది నిమిషాలు తిరిగి తనంతట ఆగాలి, మళ్లీ ఆన్ కావాలి. ఈ చక్రం కుదిరాకే ఏసీ వేసి అరగంట ఐడిల్‌లో ఉంచి చూడండి.

కంపెనీ వారి ముల్లు చాలా బండ్లలో విస్తారమైన వేడి పరిధిలో మధ్యలోనే కదలకుండా ఉంటుంది. కాబట్టి డిగ్రీలు చూపించే గేజీ, 105 దగ్గర మోగే అలారం పెట్టుకోండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. బండిలో అదనపు ఫ్యూజు, రిలే, రిలే పోతే 30, 87 కలపడానికి రెండు చివర్లా పిన్నులున్న మందపాటి చిన్న వైరు ఉంచుకోండి.

తీసిన ఫ్యాన్, పాత ష్రౌడ్, వాటి నట్లు పారేయకండి. ఎండాకాలం ఒకటి గడిచేదాకా దాచండి. విస్కస్ క్లచ్‌ను బండిలో ఉన్నట్టే నిలువుగా ఉంచాలి, పడుకోబెడితే లోపలి ద్రవం కారిపోయే ప్రమాదం ఉంది.