పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: సెలవుకు ముందు ఆరు నెలలు

ప్రశ్న: నేను అనంతపురంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిని. పాఠాలు చెప్పుకుంటూనే తొమ్మిదేళ్లుగా అదనపు బాధ్యత కింద ఉద్యోగ మార్గదర్శక విభాగానికి డైరెక్టరుగా ఉన్నాను. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివి, మన జిల్లాల నుంచి బెంగళూరుకు వెళ్లి ఉద్యోగాలు చేస్తున్న పిల్లల గురించి అధ్యయనం చేయాలన్న సంకల్పంతో సబాటికల్ సెలవు కోరాను. వచ్చే జూలై నుంచి ఏడాది పాటు మంజూరైంది. ఇంకా ఆరు నెలలు ఉంది కానీ, నా స్థానంలోకి ఎవరు వస్తారో తేలలేదు. వెళుతున్నానని ఇప్పుడే చెబితే కంపెనీలు రావడం మానేస్తాయేమోనని భయంగా ఉంది. చెప్పకపోతే దాచినట్టు ఉంటుంది. చివరి సంవత్సరం పిల్లలు ఇంటికి వచ్చి, ‘మీరు పోతే మాకెవరు దిక్కు సార్’ అంటున్నారు. ఇది చాలదన్నట్టు, ఆ ఏడాది నెల జీతం మీద తమ దగ్గర సలహాదారుగా చేరమని ఒక కంపెనీ అడుగుతోంది. చేరవచ్చునా? – ఒక ఆచార్యుడు, అనంతపురం

సమాధానం: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది సూటిగా తేలిపోయేది. చేరకూడదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సబాటికల్ సెలవు అసోసియేట్ ప్రొఫెసరుగానో ప్రొఫెసరుగానో ఏడేళ్ల సేవ పూర్తయిన శాశ్వత అధ్యాపకులకు, అధ్యయనానికో పరిశోధనకో ఇచ్చేది. ఒక విడత ఏడాదికి, ఉద్యోగ జీవితం మొత్తం మీద రెండేళ్లకు మించదు. ఆ కాలంలో పూర్తి జీతం వస్తుంది కాబట్టి దేశంలో గాని విదేశాల్లో గాని మరో సంస్థలో క్రమబద్ధమైన ఉద్యోగం చేయడానికి వీలు లేదు. ఉన్నత అధ్యయన సంస్థలు ఇచ్చే ఫెలోషిప్పు, గౌరవ వేతనంతో కూడిన తాత్కాలిక బోధన లేదా పరిశోధన వంటి వాటికి మాత్రం అనుమతి ఉంటుంది. అలాంటప్పుడు పాలక మండలి తలచుకుంటే జీతం తగ్గించి సెలవు ఇవ్వవచ్చు. మీ విశ్వవిద్యాలయం ఈ నిబంధనలను ఏ మేరకు స్వీకరించిందో రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకసారి చూసుకోండి. నిబంధన మాట అటుంచినా, పిల్లలను ఎంపిక చేసుకోవడానికి మీ దగ్గరకు వచ్చే కంపెనీ మీకే జీతం ఇవ్వజూపడం మర్యాదగా లేదు. కాదని చెప్పేటప్పుడు ఉత్తరం రాసి చెప్పండి. ఆ ఉత్తరం నకలు ఫైల్లో ఉండనివ్వండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ శీర్షిక రాస్తున్న నేను కూడా కొంతకాలం ఇలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. నేను చార్జి తీసుకున్న రోజు నా చేతికి వచ్చినవి ఒక బీరువా తాళం చెవి, ఒక రబ్బరు స్టాంపు, పదకొండు ఫైళ్లు. ఆశగా ఫైళ్లు విప్పి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం కంపెనీల వారికి పెట్టిన భోజనాల బిల్లులే. ఏ కంపెనీ ఎందుకు వస్తుంది, ఎవరితో మాట్లాడితే పని జరుగుతుంది, ఏ కంపెనీ రెండేళ్ల కిందట మన పిల్లలను తీసుకుని మూడు నెలల్లో పంపేసింది అన్న సంగతులన్నీ నాకు ముందున్న పెద్దమనిషి ఫోనులోనూ తలలోనూ ఉండిపోయాయి. ఆయన తప్పేమీ లేదు, అవి అడిగినవారే లేరు. మీ విషయంలోనూ అదే జరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే తొమ్మిదేళ్లుగా ఒకే మనిషి నడిపిన విభాగంలో ఆఫీసు ఎక్కడ ఉంటుందంటే ఆ మనిషి చొక్కా జేబులో ఉంటుంది. ఈ ఆరు నెలల్లో మీరు చేయవలసిన పని దాన్ని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టడం. కొత్త ఒప్పందాలు కుదుర్చుకోవడం, కొత్త శిక్షణ తరగతులు మొదలుపెట్టడం దయచేసి మానుకోండి. పోయే ముందు గొప్పగా ఏదో ఒకటి చేసి పోవాలన్న ఉబలాటంతో మొదలుపెట్టినవన్నీ తరువాత వచ్చేవారి నెత్తిన పడతాయి.

మొదట విశ్వవిద్యాలయం పేరు మీద ఒక సిమ్ కార్డు, ఒక మెయిల్ చిరునామా తీసుకోండి. ఇప్పటికే ఉండి ఎవరూ వాడకపోతే వాటినే బతికించండి. ఈ రోజు నుంచి కంపెనీలకు వెళ్లే ప్రతి ఉత్తరం ఆ చిరునామా నుంచే వెళ్లాలి. విద్యార్థుల వాట్సాప్ గ్రూపులకు ఆ నంబరును అడ్మిన్‌గా చేర్చండి. హెచ్‌ఆర్ విభాగాల్లో మనుషులు ఏడాదికో రెండేళ్లకో కంపెనీ మారిపోతుంటారు కాబట్టి, మీ వ్యక్తిగత పరిచయం అటువైపు కూడా ఒక మనిషికే కట్టుబడి ఉంటుంది. రెండు వైపులా మనుషులు మారిన రోజున ఆ కంపెనీకి మన క్యాంపస్ ఊరూ పేరూ తెలియనిదైపోతుంది. తొమ్మిదేళ్లలో మీ ఫోనులో చేరిన పిల్లల రెజ్యూమెలు, మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్లు మాత్రం గంపగుత్తగా ఎవరికీ పంపకండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అవసరమైనవి ఆఫీసు కంప్యూటరులోకి చేర్చి, చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లలవి తుడిచివేయండి.

తరువాత ఒక నోటు పుస్తకం కొనండి. కంపెనీకి ఒక పేజీ చొప్పున, ఎప్పుడు వచ్చింది, ఏ కోర్సుల వారిని తీసుకుంది, రాత పరీక్ష ఎలా ఉంటుంది, పిల్లలు ఎక్కడ తడబడ్డారు అన్నవి మీ చేతిరాతతోనే రాయండి. ఆఫీసు నివేదికల్లో రాయలేని మాటలు ఇందులో రాయవచ్చు. హైదరాబాదు వైపు మందుల కంపెనీ ఒకటి రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ పిల్లలను నాణ్యతా పరీక్షల విభాగానికి తీసుకుంటుందనుకోండి, ఆ పిల్లలు రాత్రి షిఫ్టు తట్టుకోలేక ఎంతమంది తిరిగి వచ్చారో రాయండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత చుట్టుపక్కల వెలసిన విడిభాగాల కర్మాగారాలకు మన పిల్లలు ఏయే పనులకు వెళ్లారో, అవి డిగ్రీకి తగిన పనులేనా, కాదా అన్నది కూడా రాయండి. మీ అధ్యయనానికి కూడా ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు.

విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ వారు, జాతీయ ర్యాంకులు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ వారు విద్యార్థుల ఉద్యోగాల లెక్కలు అడుగుతారు. ఆఫర్ లెటర్ల నకళ్లు సంవత్సరాల వారీగా కట్టలు కట్టించి, కోర్సుల వారీగా సంఖ్యలు, సగటు జీతంతో పాటు మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) కూడా లెక్క కట్టి పెట్టండి. ఇది చేయకుండా వెళితే, మీరు బెంగళూరులో ఏ పిల్లవాడి గదిలోనో కూర్చుని మాట్లాడుతుండగా ‘సార్, ఆ ఫైలు ఎక్కడుంది’ అని వారానికి మూడుసార్లు ఫోను వస్తుంది. అప్పుడు ఆ సెలవు సెలవు కాదు.

కంపెనీలకు చెప్పే విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఇప్పుడే చెప్పండి, కానీ ఒంటరిగా చెప్పకండి. ఇంజనీరింగు విద్యార్థుల కోసం కంపెనీలు ఏడవ సెమిస్టరు మొదలయ్యే జూలై, ఆగస్టుల నుంచే తిరుగుతాయి కాబట్టి, ఆ తేదీల కోసం ఏప్రిల్, మే నెలల్లో మాట్లాడాలి. ఆ మాట్లాడేది మీ తరువాతి వారు కావాలి, పక్కన మీరు ఉండాలి. అందువల్ల ఫిబ్రవరిలోపు తరువాతి డైరెక్టరు పేరు తేల్చి ప్రొసీడింగ్స్ ఇప్పించమని ఉపకులపతి గారికి రాతపూర్వకంగా విన్నవించండి. అది తేలేదాకా ఉపసంచాలకుడినో విభాగంలోని చిన్న ఉద్యోగినో వెంట తీసుకువెళ్లండి. మార్చిలో జరిగే ప్లేస్‌మెంట్ డ్రైవ్ ఒకదాన్ని పూర్తిగా వారికి వదిలేసి, మీరు వెనుక వరుసలో కూర్చోండి. మైకు పనిచేయకపోయినా లేవకండి. ఇదే మీకు అన్నిటికంటే కష్టమైన పని అని నాకు తెలుసు.

పిల్లల మాటకు మీ మనసు ఊగడం సహజం. అయితే ‘మాకెవరు దిక్కు’ అన్న మాట అందరిదీ కాదు; నిజంగా దిక్కులేని పిల్లలు వేరే ఉన్నారు, వాళ్లు మీ ఇంటికి రానివారు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, చేరే తేదీ రాని పిల్లలు వాళ్లు. కాగితం మీద వాళ్లకు ఉద్యోగం వచ్చింది కాబట్టి మీ జాబితాలోంచి పోయారు, కంపెనీ జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. డైరెక్టరు మారినప్పుడు మొదట జారిపోయేది వీళ్లే. వారికోసం విడిగా ఒక రిజిస్టరు తెరిచి, పేరు, కంపెనీ, ఆఫర్ తేదీ, చివరిసారి ఎప్పుడు వాకబు చేశారు అన్న నాలుగు గడులు గీసి, చార్జి పత్రంతో పాటు దాని మీద కూడా సంతకాలు చేయించండి. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, చార్జి పత్రం ఒక్కటే మారితే చార్జి మారినట్టు కాదు.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో డైరెక్టరు గారు ఏడాది సెలవు మీద వెళుతున్నారు. ఆ బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పే సహాయ ఆచార్యురాలిని. ఆయనకు ప్రతి కంపెనీలోనూ పేరు పెట్టి పిలిచేవారున్నారు. నాకు ఇంగ్లీషులో హెచ్‌ఆర్ వాళ్లతో మాట్లాడాలంటేనే బెరుకు. – ఒక అధ్యాపకురాలు, కర్నూలు

సమాధానం: తీసుకోండి అమ్మా. చరిత్ర చెప్పేవారు ఈ కుర్చీకి పనికిరారన్న మాటను నేను ఒప్పుకోను. మీ క్యాంపస్‌లో కంప్యూటర్ పిల్లల సంగతి చూడడానికి చాలామంది ఉంటారు. తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం ఎమ్మే చదివే పిల్లలకు ఉద్యోగ మార్గదర్శకం అంటే కంపెనీ పేరే రానక్కరలేదని గుర్తుచేసేవారు తక్కువ. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు బీఈడీ ఉన్న పిల్లలకు కావలసింది హెచ్‌ఆర్ పరిచయం కాదు, రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచే చదువుకునే గది. అలాగే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడా చోటు ఉన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మొదటి నెలలో ఆ పథకం పోర్టల్‌లో వారి పేర్లు నమోదు చేయించండి, అది మీ సొంత పని అవుతుంది.

మీ డైరెక్టరు గారు వెళ్లకముందే, ఆయన ముందు కూర్చుని పది ఫోన్లు మీరే చేయండి. మొదటి రెండూ తడబడతారు, ఏమీ కాదు. కొత్త మనిషి వచ్చిందని తెలియగానే ముక్కూ మొహం తెలియని కన్సల్టెన్సీలు మీ గది ముందు వరుస కడతాయి. పిల్లల దగ్గర రిజిస్ట్రేషన్ అనో శిక్షణ అనో డిపాజిట్ అనో పైసా అడిగే ఏ సంస్థనూ గేటు లోపలికి రానివ్వకండి. ఏ కొత్త కంపెనీ వచ్చినా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దాని నమోదు వివరాలు చూసుకున్న తరువాతే తేదీ ఇవ్వండి. ఇంకొక్క మాట: సెలవులో ఉన్న ఆయనకు నెలలో ఒక్కసారి, అదీ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఫోను చేయండి. అంతకు మించితే మీరూ డైరెక్టరు కాలేరు, ఆయనా సెలవు తీసుకోలేరు.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ పూర్తి చేశాను. క్యాంపస్ ఎంపికలో ఆఫర్ లెటర్ వచ్చి ఏడు నెలలైంది, చేరే తేదీ రాలేదు. మా డైరెక్టరు సార్ సెలవు మీద వెళుతున్నారు. ఇంట్లో మా నాయన ‘కాగితం నమ్ముకుని కూర్చున్నావు’ అంటున్నాడు. – ఒక విద్యార్థి, కడప

సమాధానం: మీ నాయన మాటలో సగం నిజం ఉంది బాబూ. చేరే తేదీ లేని ఆఫర్ లెటర్‌ను ఉద్యోగంగా లెక్కపెట్టుకోకూడదు, అలాగని చించేయనూ కూడదు. ఈ వారంలోనే కంపెనీకి మెయిల్ రాయి. నకలు డైరెక్టరు సొంత చిరునామాకు కాకుండా విభాగం చిరునామాకు పంపు. నీతో పాటు ఎంపికైన మిగతావారు కూడా అదే రోజు అలాగే రాస్తే ఇంకా మంచిది. సార్ వెళ్లేలోపు ఒకసారి ఆఫీసుకు వెళ్లి, ఇంకా చేరని వారి జాబితాలో నీ పేరు ఉందో లేదో కళ్లారా చూసుకో. లేకపోతే అక్కడే కూర్చుని రాయించు. ఈలోగా దొరికిన అప్రెంటిస్‌షిప్‌లో చేరడానికి వెనుకాడకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం, చేరే తేదీ వేసి సంతకం పెట్టిన ఉత్తరం వచ్చేదాకా, ఎవరు అడిగినా ఇంట్లో పెట్టెలోంచి తీయకు.