తిరగేసి చూడు, నాయనా

ఆదోని

చిన్నోడా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అక్క కాన్పుకు కర్నూలు వచ్చేలోగా బిడ్డకు జబ్లాలు, బొంత, ఉయ్యాల మీదికి చిలకలు అన్నీ నువ్వే కుడతానన్నావట. అనంతపురంలో నీ రూము పక్కింటామె మిషను కూడా అడిగి పెట్టుకున్నావట. మేనమామవి, కొని తెచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు. అయినా చేత్తో కుట్టి ఇస్తానన్నావు చూడు, ఆ మాటకే నాకు కడుపు నిండింది. ఆ వెంటనే గుబులు కూడా పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఇది మొత్తం చదివినాకనే కత్తెర పట్టు.

ముందు గుడ్డ. కాన్పు ఏప్రిల్ చివర అంటున్నారు. అప్పటికి కర్నూలు ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. ఊలు, ఫ్లానెల్, బొచ్చు గుడ్డలు తలపెట్టొద్దు. తెల్ల మల్ గుడ్డ, అంటే పల్చటి మెత్తటి నూలు గుడ్డ, 44 అంగుళాల పన్నా (వెడల్పు), మూడు మీటర్లు తీసుకో. పది జబ్లాలు వస్తాయి. అంగట్లో అంతా నూలే అంటారు, నమ్మొద్దు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించు. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కలిసిందైతే కరిగి కొనకు గట్టి ఉండ కడుతుంది. ఆ ఉండ కట్టే గుడ్డ మన ఎండకు బిడ్డ ఒంటిమీద వేస్తే చెమటకాయలు తప్పవు.

కొన్న గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున ఉతికి, నీడకు ఆరేసి, ఇస్త్రీ చేసినాకనే కొలత పెట్టు. కొత్త మల్ మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. ఉతక్కుండా కుడితే మొదటి ఉతుకుకే చంకలు పట్టేస్తాయి. గంజి కూడా ఆ నీళ్లలోనే పోతుంది. రంగు గుడ్డ ఏదైనా కలుపుతావంటే తడి తెల్లగుడ్డ దానిమీద పెట్టి ఇస్త్రీ పెట్టె ఆనించు. తెల్లగుడ్డకు రంగు అంటిందంటే అది పక్కన పెట్టేసేయి. ఎరుపు, ముదురు నీలం, నలుపు ఎక్కువగా దిగుతాయి. బిడ్డ కనబడిన అంచునల్లా నోట్లో పెట్టుకుంటుంది మరి.

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 35 సెంటీమీటర్లు. ఛాతీ దానికంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువే ఉంటుంది. పైగా మెడ నిలవదు. తలమీంచి తొడిగే చొక్కా వేయాలంటే తల్లి చేతులు వణుకుతాయి. అందుకే ముందు తెరుచుకుని, ఒక పక్క మీద ఇంకో పక్క పడే జబ్లా కుట్టు. వెనక ముక్క 11 అంగుళాల వెడల్పు, ముందు ముక్కలు ఒక్కోటి 8, పొడవు అన్నిటికీ 13. కుట్టుకు, మడతకు పోయేది అందులోనే ఉంది. చంక కోత 4 అంగుళాలు. ఎండాకాలం కదా, చేతులు అక్కర్లేదు. మీటరుకు మూడు సులువుగా వస్తాయి, పక్కన మిగిలే పట్టీలో కుదురుగా సర్దితే నాలుగోది కూడా.

నాడాలు అదే గుడ్డతో, ఒక్కోటి ఆరంగుళాలు, లోపల ఒక జత, బయట ఒక జత, చంక కింద పక్కకు. మెడ దగ్గర నాడా వద్దే వద్దు. నాడా మొదలు అంచులో దూర్చి చదరంగా నాలుగు పక్కలా కుట్టేసేయి, లాగినా ఊడదు. గుండీలు వద్దు, టిక్‌ బటన్లు కూడా వద్దు. మెడకు, చంకలకు అంగుళంపావు వెడల్పు క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఐమూలగా కోసిన పట్టీ వేయి. నేరుగా కోసిన పట్టీ వంపు దగ్గర తిరగదు, ముడతలు పడి బిడ్డ మెడకు ఒత్తుకుంటుంది.

సూది 11 నంబరు, 9 దొరికితే ఇంకా మంచిది. పక్కింటామె మిషనుకు ఇప్పుడు 16 ఉంటుంది, అది జీన్సు ప్యాంట్లకు. మల్ మీద దాంతో కుడితే ప్రతి పోటుకూ బొక్క పడుతుంది. కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లు. మొదలుపెట్టేటప్పుడు పల్చటి గుడ్డను మిషను కిందికి లాగేసుకుంటుంది, రెండు దారాల కొసలు వెనక్కి పట్టుకో. అయినా లాగితే కింద సన్న తెల్లకాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేసేయి. నైలాన్ దారం మాత్రం బిడ్డ బట్టకు ముట్టుకోవద్దు. ఎందుకో ఇప్పుడు చెప్తా. ఈ ఉత్తరం మొదలుపెట్టింది దానికోసమే.

1997లో మీ అక్క పుట్టినప్పుడు గోళ్లతో మొహం గీరుకుంటోందని చేతులకు తొడుగులు కుట్టినా. బయటికి ముచ్చటగా ఉండేవి. గులాబీ గుడ్డ, మణికట్టుకు సన్న రబ్బరు, మీద ఐదు రేకుల పువ్వు. లోపల మాత్రం అంచులు అట్లే వదిలేసినా. పువ్వు కుట్టిన దారాలు లోపలివైపు ఒక రేకు నుంచి ఇంకో రేకుకు దాటుకుంటూ పోయినాయి, వాటికింద బిడ్డ వేలు దూరేంత సందు. రెండు ఉతుకులకు అంచు పోగులు కూడా లేచినాయి. లోపల కదా, ఎవరు చూస్తారులే అనుకున్నా.

బిడ్డ వేళ్లు ఊరికే ఉండవు, నిద్రలో కూడా మూస్తూ తెరుస్తూ ఉంటాయి. ఒక పోగు ఉంగరపు వేలికి చుట్టుకుంది. కదిపేకొద్దీ బిగిసింది. దారం బిగిస్తే వేలిలోకి రక్తం చేరుతూనే ఉంటుంది, అది తిరిగొచ్చే దారి ముందు మూసుకుంటుంది. అందుకే వేలు ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ దారం చర్మంలోకి దిగి కంటికే కనబడదు. ఇంకా ఆలస్యమైతే వేలిలోకి చేరే రక్తం కూడా ఆగిపోతుంది. నూలు దారమైనా ఇంతే. నైలానైతే సన్నం, గట్టి, తెగదు కూడా.

ఆ పూటంతా ఏడ్చింది. పాలు పట్టినారు, తాగలేదు. కడుపునొప్పి అన్నారు. దిష్టి అని మిరపకాయలు తిప్పేసినారు. తొడుగు తీసి చూడాలని ఎవరికీ తోచలేదు, కుట్టిన నాకు కూడా. సాయంత్రం నీళ్లు పోయడానికి తీస్తే వేలు నేరేడుపండు రంగులో ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ భూతద్దం పెట్టి ఆ పోగు తెంపింది. వేలు దక్కింది. ఎడమచేతి ఉంగరపు వేలి మొదట్లో సన్న గీత ఇప్పటికీ ఉంది. అడుగు, అక్క చూపిస్తుంది. పెండ్లిలో ఆ వేలికి ఉంగరం తొడుగుతుంటే నేను కండ్లు తిప్పుకున్నా.

కాబట్టి తొడుగులు కుట్టొద్దు. గోళ్లను నిద్రలో ఉన్నప్పుడు మెత్తటి గోళ్ల ఆకురాయితో రుద్దితే చాలు. మేజోళ్లది కూడా ఇదే భయం. జబ్లాకు పక్క కుట్లు ఇట్ల వేయి: ముందు మంచివైపులు రెండూ లోపలికి పెట్టి అంచు నుంచి పావు అంగుళం దూరంలో ఒక కుట్టు, అంచును సగానికి కత్తిరించు, తిప్పి చెడ్డవైపులు లోపలికి మడిచి ఇంకో కుట్టు. పోగులన్నీ ఆ మడతలో ఇరుక్కుంటాయి. దర్జీలు దీన్నే ఫ్రెంచ్ సీమ్ అంటారు, పెద్దోళ్ల బట్టకు మడత లోపలికి వచ్చేట్టు వేస్తారు. నువ్వు రివర్స్‌లో వేయి. మడత బయటికి కనబడాల, బిడ్డ ఒంటికి నున్నటి వైపు తగలాల. చూడ్డానికి అంత బాగుండదని ఎవరైనా అంటే అననీ.

నీకు పువ్వు కుట్టాలని ఉంటే కుట్టు. కుట్టినాక వెనకవైపు పువ్వుకంటే అంగుళం పెద్ద మల్ ముక్క మడిచి మూసేసేయి. ఒక జబ్లా పూర్తయితే తిరగేసి, నీ చిటికెన వేలు లోపల అంతా తిప్పు. ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఉతికిన ప్రతిసారీ తిరగేసి విదిలించమని అక్కకు చెప్పు, ఎందుకంటే కాన్పైన రెండు మూడు నెలలకు తల్లి జుట్టు బాగా రాలుతుంది, ఆ వెంట్రుక కూడా ఇట్లనే చుట్టుకుంటుంది. ఆకలి కాదు, తడి కాదు, అయినా ఏడుపు ఆగలేదంటే బట్టలన్నీ తీసి చేతివేళ్లు, కాలివేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూడాల. మగబిడ్డైతే ఉచ్చ పోసే చోటు కూడా. దారం లోపలికి దిగి కనబడకపోతే బ్లేడు, సూది పెట్టి కెలకొద్దు, ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాల.

కోపంగా రాస్తున్నా అనుకోవద్దురా. నీ చేయి మంచిదని నాకు తెలుసు.

లంగోటాలకు కొత్త గుడ్డ కొనొద్దు. పుట్టిన బిడ్డకు మొదట పాత గుడ్డే చుట్టాలని మనోళ్లు అనేది ఊరికే కాదు. వందసార్లు ఉతికిన నూలు మెత్తగా ఉంటుంది, తడి బాగా పీలుస్తుంది. ఐదున్నర మీటర్ల చీరలో 23 అంగుళాల చదరాలు పద్దెనిమిది వస్తాయి. రోజుకు పది పన్నెండు తడుపుతుంది, కాబట్టి రెండు చీరలు కావాల. పిన్నీసులు పెట్టొద్దు, కొసలు ముడేస్తే చాలు.

ఆ చీరల గురించే ఇంకో భయం. మీ జేజి ట్రంకుపెట్టెలో చీరలున్నాయని అమ్మ అంది. అందులో నాఫ్తలీన్ ఉండలు, మనోళ్లు కలరా ఉండలంటారే, అవి వేసి ఉంటే ఆ చీరల జోలికి పోవద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది. ఆ వాసన తగిలితే ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో ముందుగా మనకు తెలియదు. ఇంట్లో రోజూ కట్టి ఉతికిన చీరలే తీసుకో. కుట్టినవి దాచేటప్పుడు ఎండు వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టు.

బొంతకు నాలుగు పొరలు చాలు, 36 అంగుళాలు, 30 అంగుళాలు. జరీ అంచు కోసేసేయి, జరీ తీగ గుచ్చుకుంటుంది. ధర్మవరం పట్టు ముక్క పెట్టాలని ఉంటే తోరణానికి పెట్టు. పొరలు నేలమీద పరిచి, ముడతలు తీసి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయి. అసలు కుట్టు నడిమి నుంచి అంచులకు పోవాల. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా నడిమికి పోగై ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఇంక పోదు. వరుసకు వరుసకు ఒకటిన్నర అంగుళం. దారం మూరెడు కంటే పొడుగు తీసుకోవద్దు, చిక్కుపడుతుంది. రంగు తలలున్న గుండుసూదులు కొను. ఇరవై గుచ్చితే ఇరవై తీసి డబ్బాలో వేయి, లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఒకటి తగ్గిందా, అయస్కాంతం ముక్కతో బొంతంతా తడుము. దొరికేదాకా ఆ బొంత బిడ్డ దగ్గరికి పోకూడదు.

బొంత పరుచుకోవడానికే, నిద్రలో బిడ్డ మీద కప్పడానికి కాదు. వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టాల. దిండు అక్కర్లేదు. ఆవాల దిండు కుట్టమని ఎవరైనా అడిగితే కుట్టనని చెప్పు, నా పేరు చెప్పు. మొహం దానిలోకి ఒరిగితే ఊపిరాడదు, కుట్టు విడిందంటే ఆవాలు ముక్కులోకీ నోట్లోకీ పోతాయి.

చిలకలు ఐదు చాలు. ఒక్కోటి అరచేయంత, పిడికెడు ఏకిన దూది. దూది ఆదోని నుంచి నేను పంపుతా, ఇక్కడ పత్తికి కరువేముంది. బూరుగు దూది వద్దు, కుట్టు విడితే నలకలై ఎగురుతుంది. వంపుల దగ్గర కుట్టును తాకకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి తిప్పు, లేకపోతే ముక్కు ముడుచుకుపోతుంది. రెండంగుళాలు వదిలి దూది నింపి చేత్తో మూసేసేయి. కండ్లు దారంతోనే కుట్టు. పూస, గవ్వ, గజ్జె, అద్దం ఏదీ వద్దు. మూడు సెంటీమీటర్ల కంటే చిన్నదేదైనా గొంతుకు అడ్డం పడుతుంది. రెండు చిలకలు నలుపు తెలుపు గుడ్డతో చేయి. పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరంలోదే కనబడుతుంది, అదీ నలుపు తెలుపు తేడా బాగా పడుతుంది. వాటిని నువ్వు చేత్తో పట్టుకుని దగ్గర ఆడించు. వేలాడే మూడూ చేతికందని ఎత్తులో, దారం జానెడు దాటకుండా కట్టు. బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేస్తోందంటే ఆ రోజే విప్పేయాల. ఎట్లున్నా ఐదో నెల దాటి ఉంచొద్దు.

తొట్లో వేసే రోజుకు గుడ్డ జెండాల తోరణం: ఆరంగుళాల ముక్కోణాలు పదిహేను, మధ్య రెండంగుళాలు వదిలితే పదడుగులకు సరిపోతుంది. చమ్కీ, బుడగలు వద్దు. గుమ్మానికి మామిడాకులు చాలు.

అక్కకు పాలిచ్చేటప్పుడు చేయి ఆనించుకునే దిండు కుట్టు, 24 అంగుళాలు, 16 అంగుళాలు. దాని గలీబుకు 17 వెడల్పు, 58 పొడవు ఒకే ముక్క కోసి, రెండు కొసలు మడిచి కుట్టి, వెనకవైపు ఒకదానిమీద ఒకటి ఎనిమిదంగుళాలు పడేట్టు వేస్తే జిప్పు అక్కర్లేదు. రెండు గలీబులు చేయి, పాలు పడతాయి. నీళ్లు పోసినాక చుట్టడానికి ఎమ్మిగనూరు చేనేత తువ్వాళ్లు నేను కొని పెట్టినా. 1938లో మాచాని సోమప్ప సంఘం పెట్టినప్పటి నుంచి ఆ ఊరి నేతకు ఉన్న పేరు నీకు తెలిసిందే. వాటిని మూడుసార్లు ఉతికి ఇస్తా, అప్పుడే నీళ్లు పీలుస్తాయి. అత్తగారి వైపు వాళ్లకు కూడా ఏదో ఒకటి కుట్టు, మరచిపోవద్దు.

ఇప్పుడు పది ఒకేసారి కోసేయొద్దు. ఒక్క జబ్లా కుట్టి, ఉతికి, తిరగేసి, ఆ తిరగేసినట్టే మడిచి ఆదోనికి వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపు. నేను లోపల వేలు పెట్టి చూసి ఫోన్ చేస్తా. 11 నంబరు సూదులు అనంతపురంలో దొరక్కపోతే చెప్పు, నా పెట్టెలో రెండు ప్యాకెట్లు ఉన్నాయి.

మీ పెద్దమ్మ