పసుపు లైటు వెలిగిందా? ముందు పెట్రోలు ట్యాంకు మూత చూడండి

పోయిన నెల టెక్సస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్ కారు కొని రెండు నెలలు కూడా కాలేదు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర పడింది. షాపుకి తీసుకెళ్తే పెట్రోలు ఆవిరి లీకవుతోంది, ఆవిరిని పట్టి ఉంచే డబ్బా మార్చాలి, 800 డాలర్లు అవుతుందన్నారు. ఏం చేయమంటావ్?" గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. ఆ డబ్బు అతనికి నెల అద్దె, నెల తిండి. ఈ ప్రశ్న నన్ను ఏడాదికి నలుగురైదుగురు అడుగుతుంటారు. అందుకే తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు లైటు ఎలా వెలుగుతోందో చూడండి. టపటపా కొట్టుకుంటుంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా మండటం లేదని అర్థం. నిదానంగా పక్కకు తీసి ఆపేయండి, అది వేరే జబ్బు. కదలకుండా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు అక్కర్లేదు. రేపు చూసుకోవచ్చు, ఎల్లుండి కూడా చూసుకోవచ్చు.

తర్వాత కోడ్ తెలుసుకోండి, అంటే లైటు ఎందుకు వెలిగిందో కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న నంబరు. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకీ స్టీరింగ్ కింద ఆ కంప్యూటర్‌ని చదవడానికి 16 పిన్నుల ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. ఇరవై, ముప్పై డాలర్లకు దొరికే బ్లూటూత్ రీడర్‌ని అందులో గుచ్చితే ఫోన్‌లోనే కోడ్ కనబడుతుంది. కొనడం ఇష్టం లేకపోతే చాలా రాష్ట్రాల్లో ఆటో పార్ట్స్ అమ్మే షాపుల వాళ్లు ఉచితంగా చదివి చెబుతారు. పి0455 అంటే పెద్ద లీకు. పి0442 చిన్న లీకు. పి0456 మరీ చిన్న లీకు. పి0457 అయితే మూత వదులైందనో, అసలు పెట్టలేదనో కారే చెబుతోందన్నమాట. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ కోడ్ లీకుందని చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. కోడ్ చూసిన వెంటనే ఫలానా పార్టు పోయిందని ఎవరైనా అన్నారంటే అది ఊహే.

పెట్రోలు ట్యాంకులో ఊరికే ఉండదు, ఆవిరవుతూనే ఉంటుంది. ఎండలో ఇంకా ఎక్కువ. ఆ ఆవిరి గాల్లో కలిస్తే పొగమంచులాంటి కాలుష్యం తయారవుతుంది కాబట్టి దాన్ని బయటికి వదలనివ్వరు. ట్యాంకు నుంచి గొట్టం ద్వారా బొగ్గు నింపిన డబ్బాలోకి పంపుతారు. దాన్నే క్యానిస్టర్ అంటారు. బొగ్గు ఆవిరిని పీల్చి పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు ఇంజిన్ దగ్గరున్న పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాక్కుని మండించేస్తుంది. డబ్బాలోకి బయటి గాలి రావడానికి ఇంకో వాల్వ్ ఉంటుంది, అది వెంట్ వాల్వ్. అప్పుడప్పుడు కంప్యూటర్ ఈ రెండు వాల్వులూ మూసి, లోపలి ఒత్తిడి నిలుస్తుందా లేదా అని చూస్తుంది. మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే. గాస్కెట్ గట్టిపడితే కుక్కర్ ఎంతసేపటికీ కూత వేయదు కదా, ఇక్కడ ఒత్తిడి నిలవకపోతే పసుపు లైటు వెలుగుతుంది. ఇది ఎంత సూక్ష్మంగా పట్టుకుంటుందంటే 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు రంధ్రం ఉన్నా కనిపెట్టేస్తుంది. మీరు కారు చుట్టూ ఎంత తిరిగి చూసినా కంటికి కనబడని లీకు అది.

అందుకే మూతతో మొదలుపెట్టండి. తిప్పి తీసి వెలుతురులో పట్టుకుని దాని రబ్బరు రింగు మీద వేలితో చుట్టూ తడమండి. పగుళ్లు ఉన్నాయా, ఒకచోట నొక్కుకుపోయి చదునైందా, ఇసుక రేణువులు అంటుకున్నాయా చూడండి. రింగు ఆనే లోహపు అంచుని కూడా పొడిగుడ్డతో తుడవండి. డెంటన్ తమ్ముణ్ణి వీడియో కాల్‌లో చూపించమంటే విషయం అక్కడే దొరికింది. మూతకి వేలాడే ప్లాస్టిక్ తాడు రింగుకీ అంచుకీ మధ్య ఇరుక్కుని ఉంది, రబ్బరు మీద ఆ తాడు గాడి పడిపోయింది. టక్ టక్‌మని చప్పుడు వచ్చేదాకా బిగించాడు, చప్పుడు వచ్చింది కూడా. కానీ తాడు మధ్యలో ఉంటే ఎంత బిగించి ఏం లాభం? కొత్త మూత పదిహేను, ఇరవై డాలర్లు. నా మాట వింటే కంపెనీ మూతే కొనండి. చౌక మూతలు మరలో సరిగ్గా కూర్చోక మళ్లీ అదే లైటు వేయించడం చూశాను. కొన్ని కార్లకు అసలు మూతే ఉండదు, లోపలి రేకు తలుపే మూసుకుంటుంది. వాటికి ఆ తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని తుడవాలి.

మూత సరిచేశాక లైటు వెంటనే ఆరదు. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి షాపుకి పరుగెడతారు. ఈ లీకు పరీక్షని కంప్యూటర్ ప్రతిసారీ చేయదు. బండి కొన్ని గంటలపాటు ఆగి చల్లబడి ఉండాలి, ట్యాంకు మరీ ఖాళీగానూ మరీ నిండుగానూ ఉండకూడదు, బయట మరీ చలీ మరీ ఎండా ఉండకూడదు. ఇవన్నీ కుదిరి వరసగా మూడుసార్లు పాసైతేనే లైటు దానంతట అది ఆరుతుంది. ట్యాంకుని పావుకీ ముప్పావుకీ మధ్య ఉంచి వారం, పది రోజులు మామూలుగా నడపండి.

ఇప్పుడు మన అలవాటు ఒకటి చెప్పాలి. ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇండియాలో బంకులో ఆటో కట్ అయ్యాక కుర్రాడు "రౌండ్ చేసేదా సార్?" అని ఇంకొంచెం కొడతాడు. 1,960 దగ్గర ఆగితే 2,000 చేస్తాడు, మనకూ చిల్లర గొడవ ఉండదు. ఇక్కడికొచ్చాక మన చేత్తో మనమే కొట్టుకుంటాం కదా, అదే చెయ్యి అదే పని చేస్తుంది. 38 డాలర్ల 40 సెంట్ల దగ్గర టక్‌మని ఆగాక 40 డాలర్లు చేయడానికి నాలుగుసార్లు నొక్కుతాం. ఆ బొగ్గు డబ్బా ఆవిరి కోసం చేసింది, ద్రవం కోసం కాదు. నిండిన ట్యాంకులోకి ఇంకా కొడితే పెట్రోలు పొంగి ఆవిరి గొట్టంలోంచి డబ్బాలోకి పోతుంది. బొగ్గు తడిసి పాడవుతుంది, దాని నలుసులు గొట్టాల్లోంచి కొట్టుకెళ్లి పర్జ్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. రెండు డాలర్ల రౌండు కోసం కొన్ని వందల డాలర్ల పార్టు పోతుంది. నాజిల్ ఒకసారి ఆగిందంటే తీసి పెట్టేయండి. న్యూజెర్సీలో బంకు మనిషే కొడతాడు కాబట్టి "ఆగాక ఇంక కొట్టొద్దు" అని ముందే చెప్పండి.

మూత బాగానే ఉంది, పది రోజులైనా లైటు పోలేదు అనుకోండి. అప్పుడు అనుమానం పర్జ్ వాల్వ్ మీద. దీని జబ్బుకు గుర్తు ఒకటుంది. పెట్రోలు కొట్టించుకుని బయల్దేరబోతే బండి ఒకపట్టాన స్టార్ట్ కాదు, దగ్గినట్టు దగ్గి అందుకుంటుంది. వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి, కొత్తగా నింపిన ట్యాంకులోని ఆవిరంతా ఒక్కసారి ఇంజిన్‌లోకి దూరడం వల్ల అలా అవుతుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, డబ్బా వైపు నుంచి వాల్వ్‌కి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. వేలిని లోపలికి లాగుతుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. తిరిగే బెల్టులకీ ఫ్యానుకీ చెయ్యి దూరంగా ఉంచండి. చాలా కార్లలో ఇది రెండు గొట్టాలు, ఒక వైరు ప్లగ్గు, ఒకటి రెండు బోల్టుల పని. పార్టు ముప్పై నుంచి ఎనభై డాలర్ల మధ్య దొరుకుతుంది. రోజూ సైకిల్ రిపేరు చేసుకున్న చెయ్యికి ఇది కష్టం కాదు.

వెంట్ వాల్వ్ గుర్తు వేరు. పెట్రోలు కొడుతుంటే ట్యాంకు నిండకుండానే నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంటుంది. లోపలి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. దుమ్ము కావచ్చు, మట్టి కావచ్చు. 2011లో మాజ్డా కంపెనీ 65,000 దాకా మాజ్డా6 కార్లను వెనక్కి పిలిపించింది, కారణం సాలెపురుగులు! పెట్రోలు వాసనకి వచ్చి వెంట్ గొట్టంలో గూడు కట్టేవి.

ఇవేవీ కాకపోతే స్మోక్ టెస్ట్ చేయించండి. దీని గురించి నా అనుభవం చెబుతాను. ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్న రోజుల్లో నా కారుకి పి0442 వచ్చింది. ఒక షాపులో మూత మార్చారు, తర్వాత వాల్వ్ మార్చారు, తర్వాత డబ్బా మార్చాలన్నారు. అప్పటికే 400 డాలర్లు పోయాయి, లైటు మాత్రం పోలేదు. విసుగొచ్చి ఇంకో మెకానిక్ దగ్గరికెళ్లాను. ఆయన ఏ పార్టూ ముట్టుకోలేదు. ఆవిరి గొట్టాల్లోకి చాలా తక్కువ ఒత్తిడితో పొగ ఎక్కించి, టార్చి పట్టుకుని కారు కింద కూర్చున్నాడు. అయిదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెనక చక్రం పైన ప్లాస్టిక్ తొడుగు విప్పి నన్ను రమ్మన్నాడు. పెట్రోలు ట్యాంకులోకి దిగే ఇనప గొట్టం తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. ఒక పొర కింద నుంచి అగరుబత్తి పొగలా సన్నని తెల్లటి గీత పైకి లేస్తోంది. అంతే, అక్కడ దొరికింది నా లీకు. మంచు కురిసే ఊళ్లలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన పాత కారు కొంటే ఆ గొట్టాన్ని ముందే చూడమనండి. టెక్సస్‌లో తుప్పు తక్కువ, ఎండకి రబ్బరు గొట్టాలు పెళుసెక్కి చీలుతుంటాయి.

షాపుకి ఫోన్ చేసేటప్పుడే "స్మోక్ టెస్ట్ ఎంత?" అని అడగండి. లీకు నాకు చూపించాకే పార్టు మార్చండి అని చెప్పండి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, ఇక్కడ అందరూ అడుగుతారు. ఇంట్లో మాత్రం కంప్రెసర్ గాలి ట్యాంకులోకి కొట్టే ప్రయోగాలు వద్దు, ఆ ఒత్తిడికి ట్యాంకు పాడవుతుంది, ప్రమాదం కూడా. ఘాటుగా పెట్రోలు వాసన వస్తున్నా, కారు కింద తడి కనబడినా అది ఆవిరి లీకు కాదు, పెట్రోలే కారుతోంది. బండిని ఇంటి గరాజ్‌లో పెట్టకండి. చాలా ఇళ్లలో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ అక్కడే ఉంటుంది, దాని మంట చాలు.

ఎమిషన్స్ పరీక్ష, అంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం చేయించే కాలుష్య పరీక్ష, దగ్గరకొచ్చిన వాళ్లు చేసే పెద్ద పొరపాటు, పరీక్షకు ముందు రోజు రీడర్‌తో కోడ్ చెరిపేయడం. లైటు ఆరుతుంది నిజమే, కానీ దాంతోపాటు కంప్యూటర్ చేసుకున్న సొంత పరీక్షల ఫలితాలన్నీ చెరిగిపోతాయి. ఈ సొంత పరీక్షల్నే మానిటర్లు అంటారు. పరీక్ష చేసేవాడి తెరమీద మానిటర్లు 'నాట్ రెడీ' అని పడతాయి, వెనక్కి పంపేస్తారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ డాలస్, డెంటన్, కాలిన్, హ్యారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. కాలిఫోర్నియాలో ఈ పరీక్షని స్మాగ్ చెక్ అంటారు, అందులో 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఈ ఆవిరి మానిటర్ ఒక్కటి రెడీ కాకపోయినా ఒప్పుకుంటారు, మిగతావి రెడీగా ఉండాల్సిందే.

కారు మరీ పాతది కాకపోతే డబ్బు కట్టేముందు వారంటీ కాగితం తిరగేయండి. ఎమిషన్స్ పార్టులకు దేశమంతటా కనీసం 2 ఏళ్లు లేదా 24,000 మైళ్లు వారంటీ ఉంటుంది. కాలిఫోర్నియాలో 3 ఏళ్లు లేదా 50,000 మైళ్లు. అక్కడ పీజెడ్ఈవీ (చాలా తక్కువ కాలుష్యం వదిలే) రకంగా అమ్మిన కార్లకైతే 15 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు. బానెట్ లోపల అంటించిన స్టిక్కర్ మీద ఆ రకం రాసి ఉంటుంది.

డెంటన్ తమ్ముడు కొత్త మూత కొన్నాడు, తాడుని పక్కకు జరిపి బిగించాడు. కోడ్ చెరపొద్దన్నాను, చెరపలేదు. అర ట్యాంకుతో రోజూ కాలేజీకి తిరిగాడు. తొమ్మిదో రోజు పొద్దున లైటు ఆరిపోయిన డాష్‌బోర్డు ఫొటో పంపాడు. మానిటర్లు కూడా చూసి చెప్పమన్నాను. అన్నీ రెడీ. ఆ సాయంత్రమే పరీక్షకు వెళ్లి పాసై వచ్చాడు.