బనగానపల్లె నవాబుకు రజాకార్లను అంటగట్టకు

నాయనా,

నీ కథ అందింది. తోటమాలి మామిడికాయను తొడిమతో కోసి, సొన కారిపోయేదాకా బోర్లించి పెట్టడం బాగుంది. సొన తొక్కమీద పడితే నల్లమచ్చ కడుతుంది, బేనిషాకు, అదే బంగినపల్లి మామిడికి, తొక్క పలచన.

కానీ 1948 సెప్టెంబరులో బనగానపల్లె నవాబు హుకుంతో రజాకార్లు ఊరిమీద పడటమేమిటి? అది నిజాం ఇలాకా కాదయ్యా! 1800లో నిజాం దత్తమండలాలను, అంటే నేటి రాయలసీమ ప్రాంతాన్ని, ఈస్టిండియా కుంపెనీకి ఇచ్చేశాక చుట్టూ అంతా ఇంగ్లీషువాళ్ల జిల్లాలే. నడుమ మద్రాసుతో లావాదేవీలు పెట్టుకున్న విడి సంస్థానం ఇది. 1948 ఫిబ్రవరిలోనే మద్రాసులో కలిసిపోయింది. హైదరాబాదు మీదికి సైన్యం కదిలేనాటికి ఇక్కడ హుకుం ఇవ్వడానికి నవాబు పాలనే లేదు.

ఇంకోటి. 1947లో మామిడి కోతల నాటి రాత్రే పీర్లు గుండం తొక్కాయని రాశావు. పీర్ల పండగ అంటే మొహర్రం, అది నెలవంక లెక్క, ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 1947లో అది నవంబరులో పడింది. అప్పటికి చెట్టుకు పూత కూడా రాదు. పండగా కోతలూ రెండూ కావాలంటే కథను 1932కి జరుపు, ఆ ఏడు మే నెలలో కలుస్తాయి. అప్పుడు రజాకార్ల పీడా వదులుతుంది.

నవాబు అనగానే హుక్కా, అత్తరు, పరదా వెనక గజ్జెల చప్పుడు. ఇది పత్రికలవాళ్లు మప్పిన రోగం. జమాబందీ, అంటే శిస్తు లెక్కలు, కనబడితే ‘పాఠకుడికి ఎక్కదు’ అని తిప్పికొడతారు, ముజ్రా ఆట ఉంటే బొమ్మవేసి మరీ అచ్చేస్తారు. సినిమావాళ్లు బనగానపల్లె నవాబు బంగళాలో దెయ్యాన్ని కాపురం పెట్టాక మరీ అన్యాయం.

చిన్న సంస్థానం కథంతా లెక్కల్లో ఉంటుంది. ఖజానా అస్తవ్యస్తమైందని 1905లో మద్రాసు ప్రభుత్వం పాలన తన చేతిలోకి తీసుకుంది, 1908లో తిరిగి ఇచ్చింది. నడుమ నవాబుకు బిరుదు ఉంది, పెత్తనం లేదు. దివాణంలో గుమాస్తా పొద్దున్నే ముందు ఎవరికి సలాం కొట్టాలి? జీతం చిట్టామీద ఎవరి సంతకం? జాగీర్లు తింటున్న నవాబు బంధువులు పాత బకాయి కాగితాలు మాయం చేయమని అతన్ని ఎలా బతిమాలతారు, ఎలా బెదిరిస్తారు? ఇవి రాయి.

ఆ గుమాస్తా ఇంట్లో మాత్రం పాలరాయి పరచకు. ఆ చుట్టుపక్కలంతా నాపరాళ్ల గనులు. రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర అంచున ఉలి పెట్టి, వరసగా జరుపుతూ మెల్లగా తట్టుకుంటూ పోతే పలక లేస్తుంది. ఒకేచోట బాదితే అడ్డంగా పగిలి ముక్కలవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండమీద చాప కూడా లేకుండా పడుకుంటారు జనం.

తిరగరాసి పంపు. కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్లు మునుపటిలా లేవు.