చైనాలో నిరసనకారులు ఖాళీ కాగితాలు ఎందుకు పట్టుకున్నారు?

ఏం రాసినా ప్రభుత్వ సెన్సార్ వాళ్లు చెరిపేస్తారు కాబట్టి, అసలేమీ రాయలేదు. 2022 నవంబర్ 24న వాయవ్య చైనాలోని ఉరుమ్చీ నగరంలో ఓ అపార్ట్‌మెంట్‌కు మంటలంటుకుని పది మంది చనిపోయారు. కోవిడ్ లాక్‌డౌన్ వల్లే బయటపడలేకపోయారని జనం మండిపడ్డారు, అధికారులు కాదన్నారు. షాంఘై, బీజింగ్ వీధుల్లో తెల్ల ఏ4 కాగితాలు లేచాయి. ఆన్‌లైన్‌లో పోస్టులు తీసేస్తుంటే కొందరు ‘బాగుంది, బాగుంది, బాగుంది’ అని వరసపెట్టి రాశారు. మెచ్చుకోలును ఎలా చెరుపుతారు మరి!

నాకు భలే నచ్చింది మాత్రం సింగ్హువా యూనివర్సిటీ విద్యార్థుల తెలివి. కాగితం మీద ఫ్రీడ్‌మన్ సమీకరణం రాసి పట్టుకున్నారు. విశ్వం ఎలా వ్యాకోచిస్తుందో చెప్పే ఫిజిక్స్ సూత్రమది. పేరు పలికి చూడండి, ఇంగ్లీషులో ‘ఫ్రీ మ్యాన్’ అన్నట్టే ఉంటుంది. చివరికి డిసెంబర్ 7న ప్రభుత్వం చాలా కోవిడ్ ఆంక్షలు సడలించింది.