ఎలుకల గదిలో ఉద్యోగం: మా అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ పూర్తి చేసింది. హైదరాబాద్ శివారులోని ఒక కాంట్రాక్ట్ పరిశోధన సంస్థ టాక్సికాలజీ విభాగంలో ఉద్యోగం ఇచ్చింది. పరిశ్రమల్లో వాడే రెసిన్లను ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, అవి ఎంత విషమో తేల్చే పని అట. ఇంట్లో పెద్దవాళ్లు పాపమంటున్నారు. రేపు సంబంధాలు వచ్చినప్పుడు ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. ఆ రసాయనాల మధ్య దాని ఆరోగ్యం ఏమవుతుందోనన్న భయమూ ఉంది. జంతు పరీక్షలు త్వరలో ఆగిపోతాయనీ, రసాయనాల విషప్రభావాన్ని కంప్యూటర్‌తో అంచనా వేయడం నేర్పే ఆరు నెలల ఏఐ టాక్సికాలజీ కోర్సు చేయించడం మేలనీ తెలిసినవారు చెప్పారు. రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది కానీ ఇదే ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. ఏ దారిలో జీతం ఎక్కువన్నది మీ అసలు బెంగ కాదని నాకు అర్థమైంది. ప్రాణం తీసే పనిలో పడి మీ అమ్మాయి మనసు మొద్దుబారిపోతుందేమో, నలుగురూ చిన్నచూపు చూస్తారేమో అన్నది మీ భయం. ముందు దానికే జవాబు చెబుతాను.

ఒక సంస్థలో జంతువులపై ప్రయోగాలను పరిశీలించి అనుమతించే జంతు నైతిక సంఘంలో నేను కొంతకాలం శాస్త్రేతర సభ్యత్వంలో ఉన్నాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ, ఇలాంటి ప్రతి సంఘంలోనూ శాస్త్రవేత్త కాని, సమాజ స్పృహ ఉన్న ఒక వ్యక్తి ఉండాలని నిర్దేశించింది. ఆ పనిలో భాగంగా ఒకరోజు డోసింగ్, అంటే ఎలుకలకు రసాయనం ఇవ్వడం, జరుగుతున్న గదిలో నిలబడి చూశాను. మీ అమ్మాయి వయసే ఉన్న ఒక ఉద్యోగిని, రాత్రంతా మేత లేకుండా నీళ్లు మాత్రమే ఇచ్చి ఉంచిన ఆడ ఎలుకను తూచి, తోక మీది గుర్తును రిజిస్టర్‌తో సరిచూసుకుని, మెడ వెనుక చర్మాన్ని ఒడుపుగా పట్టుకుంది. నోటి ద్వారా పొట్టలోకి రసాయనం పోసే, కొస గుండ్రంగా ఉన్న వంపు సూదిని దాని పక్కన పెట్టి, నోటి నుంచి చివరి పక్కటెముక దాకా ఎంత పొడవు ఉందో చూసుకుంది. ఆ రోజు ఇచ్చింది ఒక ఎపాక్సీ రెసిన్. ముదురు పాకంలా సాగుతుంది కనుక మొక్కజొన్న నూనెలో కలిపారు. కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల మోతాదు అంటే, 200 గ్రాముల ఎలుకకు 400 మిల్లీగ్రాముల రెసిన్, 2 మిల్లీలీటర్ల నూనెలో. చేయి వణికి సూది దారితప్పితే రెసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఎలుక చనిపోతుంది, ఆ చావును విషం ఖాతాలో రాస్తే రిపోర్టే అబద్ధమవుతుంది. అందుకే ఆ అమ్మాయి తొందరపడలేదు. పట్టు కుదరకపోతే వదిలి, ఎలుక కుదుటపడ్డాక మళ్లీ పట్టుకుంది. ఆమెలో నాకు మొద్దుబారిన మనసేమీ కనిపించలేదు.

ఆ తరువాత మొదటి అరగంటలో ఒకసారైనా, మొదటి నాలుగు గంటలు మరింత జాగ్రత్తగా, ఆపై 14 రోజులు రోజూ వాటిని గమనించాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, వీపు గూనిగా వంగిందా, నడకలో తూలు ఉందా అన్నది ప్రతిసారీ రాయాలి. కోలుకోలేనంత బాధ కనిపిస్తే చచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా బాధ లేకుండా చంపాలన్నది నియమం. మీ దగ్గర దాచనవసరం లేదు, చివరి రోజున బతికున్న ఎలుకలను కూడా చంపి అవయవాలు పరిశీలిస్తారు. ఈ మాట అమ్మాయికి చేరే ముందే తెలియాలి.

పాపమన్న పెద్దవాళ్లకు మీరు చెప్పగలిగింది ఒకటుంది. 1927లో ట్రెవన్ ప్రవేశపెట్టిన ఎల్‌డీ 50, అంటే సగం జంతువులు చనిపోయే మోతాదును కనిపెట్టడం, ఒక్కో రసాయనానికి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసేది. ఆ పద్ధతికి ఆధారమైన, ఓఈసీడీ అనే దేశాల కూటమి రూపొందించిన మార్గదర్శకం 401ను 2002 డిసెంబరులో తొలగించారు. ఇప్పుడు వాడుతున్న 423వ మార్గదర్శకంలో మూడేసి ఎలుకలతో అంచెలంచెలుగా వెళతారు, విషం కాదనిపించిన పదార్థానికి సాధారణంగా ఆరుతో సరిపోతుంది. ఈ తగ్గింపు, దగ్గరుండి ఆ పని చేసినవాళ్లూ ఆ లెక్కలు తెలిసినవాళ్లూ పట్టుబట్టడం వల్ల కూడా వచ్చింది.

ఇక ఏఐ కోర్సు గురించి. పోల్చమన్నారు గాని, నాకున్న అనుమానాలు ముందు చెప్పాలి. జంతు పరీక్షలు ఆగిపోతాయన్న మాటలో కొంత నిజముంది. మన దేశంలో సౌందర్య సాధనాలకు వాటిని 2014లోనే నిషేధించారు. కొత్త మందుల విషయంలో అమెరికా 2022 డిసెంబరులో, మనం 2023లో ఇతర పద్ధతులకు దారి తెరిచాం. కానీ మీ అమ్మాయి పరీక్షించబోయేవి మందులు కావు, పారిశ్రామిక రసాయనాలు. ఐరోపాలో ఏడాదికి 1 టన్ను దాటిన పదార్థాన్ని రిజిస్టర్ చేయాలంటే ఈ నోటి పరీక్ష సమాచారం ఇప్పటికీ అడుగుతారు. 2011 మార్చి నుంచి మన జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతులు పాటిస్తున్నట్టు గుర్తింపు పొందిన) ప్రయోగశాలల ఫలితాలను ఓఈసీడీ దేశాలు అంగీకరించడం మొదలైంది కనుకనే ఆ పని మన దాకా వస్తోంది.

కంప్యూటర్ నమూనాలు పనికిరావని నేను అనను. నోటి విషప్రభావాన్ని అంచనా వేసే క్యాట్‌మాస్ అనే నమూనా ఉంది, మంచిదే. అయితే అది సుమారు 12 వేల రసాయనాలను ఎలుకలకు ఇచ్చి రాసుకున్న పాత ఫలితాల నుంచే నేర్చుకుంది. పైగా అలాంటి నమూనాకు అణువు నిర్మాణం స్పష్టంగా ఇవ్వాలి. రెసిన్ ఒకే అణువు కాదు, పొడవూ పొట్టీ గొలుసుల కలగలుపు, కనుక అది అక్కడే తడబడుతుంది. ఆ తడబాటును పట్టుకోగలవాళ్లే రేపు ఆ రంగంలో నిలబడతారు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి అప్పు చేసి ఇలాంటి ఆరు నెలల కోర్సు పూర్తిచేశాడు. ఇంటర్వ్యూలో ఒక రిపోర్టు చేతికిచ్చి, రెండో రోజు ఎలుక బరువు తగ్గడానికి కారణం మందా, ఉపవాసమా అని అడిగితే బదులు చెప్పలేకపోయాడు. తప్పు అతనిది కాదు, జంతువును ఎన్నడూ చూడనివ్వని కోర్సుది. మీ అమ్మాయి రెండేళ్లు గదిలో పనిచేసి, ఆ పైన ఆ కోర్సు చదివితే దానికి విలువ. ముందే చదివితే గోడకు తగిలించుకునే కాగితం మాత్రమే మిగులుతుందని నా గట్టి అభిప్రాయం.

ఈ రంగంలో ఎదగడానికి దారి కూడా అక్కడే కనిపిస్తుంది. ఎపాక్సీ రెసిన్లు నోటి పరీక్షలో చాలావరకు 2000 మిల్లీగ్రాములకు కూడా పెద్దగా ప్రభావం చూపవు. వాటితో పనిచేసే కార్మికులను బాధపెట్టేది చర్మపు అలర్జీ. దానిని జంతువు లేకుండా కణాల మీద, రసాయన చర్యల మీద తేల్చే పద్ధతులను కలిపి 2021లో 497వ మార్గదర్శకం తెచ్చారు. చేరిన మొదటి ఏడాదే ఆ విభాగంలో పని నేర్పించమని అడగమనండి. ఒక పరీక్ష మొత్తానికీ బాధ్యత వహించే స్టడీ డైరెక్టర్ స్థాయికి చేరేవాళ్లు రెండు చోట్లా చేయి పెట్టినవాళ్లే.

ఆరోగ్యం గురించి మీరు భయపడుతున్న చోట కాక మరోచోట జాగ్రత్త కావాలి. ఎలుకల మూత్రం, చుండు వల్ల వచ్చే అలర్జీ ఈ ఉద్యోగంలో అందరికీ తెలిసిన వ్యాధి. రెసిన్ చేతికి తగిలితే చర్మం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, ఆ తరువాత తగిలిన ప్రతిసారీ జీవితాంతం ఎదురుతిరగవచ్చు. అమ్మాయికి ఉబ్బసం ఉంటే చేరకముందే డాక్టరుకు చూపించండి. మాస్కు, తగిన గ్లవ్స్ విషయంలో బద్ధకించే సంస్థ అయితే జీతం ఎంతైనా వద్దు.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడుతున్నాను, మన్నించండి. మీ ఉత్తరంలో పెద్దవాళ్ల మాట ఉంది, తెలిసినవారి మాట ఉంది, ఇంకా రాని పెళ్లివారి మాట కూడా ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఫార్మకాలజీలో చేర్పించినప్పుడు ఫీజు కట్టింది మీరే. అందులో జంతువులతో పని ఉంటుందని అప్పుడు తెలియదా? చదువుకు పనికొచ్చిన ఎలుక సంబంధానికి అడ్డమెలా అవుతుంది? ఆమె వృత్తిని చెప్పుకోవడానికి ముందుగా సిగ్గుపడేది తండ్రే అయితే, వచ్చేవాళ్లు గౌరవిస్తారని ఎలా అనుకుంటాం?

చేరే తేదీకి ముందు ఆమెను ఒకసారి సంస్థకు వెళ్లి జంతువుల గదిని కనీసం అద్దంలోంచి చూపించమని అడగనివ్వండి. పశువైద్యులు పూర్తికాలం ఉన్నారా, ఎలుక బాధపడుతోందని కింది ఉద్యోగి చెబితే పరీక్ష ఆపే అధికారం ఎవరికి ఉంది, సూది పట్టడం ఎన్ని వారాలు నేర్పిస్తారు అని అడగమనండి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె చెప్పేది మొత్తం వినండి. తన వల్ల కాదంటే బలవంతపెట్టకండి, రిపోర్టులు సరిచూసే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం వంటివి ఉన్నాయి, వాటి గురించి నాకు మళ్లీ రాయండి. చేస్తానంటే మాత్రం మీరే దగ్గరుండి హాస్టల్‌లో దించి రండి.